పాతతుపాకి - మెత్తనితోటా

పంటకావలికై లైసెన్సుపై తుపాకి నుంచుకొనిన రైతులు మన గ్రామములయందు నేటికిని కలరు. ఆ తుపాకులలో చాలభాగము క్రొత్తగా కొన్నవి కావు. తాత తండ్రికి, తండ్రి కొడుకునకు లైసెన్సు మార్పించి యిచ్చినవి కొన్ని. ఒకప్పుడు జమీందారులయొద్దను దొరలయొద్దను ఉండి, పిమ్మట చేతులు మారివచ్చిన ఇంగ్లీషు పనితనపు జోడుగొట్టముల తుపాకులు కొన్ని. మూతినుండి మందు దట్టించు నాటితుపాకులు మఱికొన్ని. వీనిని కలిగినవారు తఱచుగా రెండు ప్రశ్నలు వేయుచుందురు. నేటి తోటాలను ఈ పాతతుపాకులలో వేయవచ్చునా? వేయరానిచో, కాల్చిన తోటాలనే తేలిక మందుతో ఇంటివద్ద మరల నింపుకొనిన నేమి? ఈ రెండింటికిని మా అభిప్రాయమును విస్పష్టముగా చెప్పుట మంచిదని తోచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా తుపాకి సంగతి. ఇంగ్లండున గొట్టములను పరీక్షించి ముద్రవేయుట పాతకాలపు ఏర్పాటు. లండను తుపాకిపనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించినది. బర్మింగ్‌హామ్ పట్టణమున 1813 నాటి చట్టముచే పరీక్షాగృహ మేర్పడినది. వాడుకలో వచ్చు వత్తిడికన్న మిక్కిలి హెచ్చు వత్తిడితో గొట్టమును కాల్చిచూచి, నిలిచినదానికే అక్కడ ముద్ర వేయుదురు. అయితే ఆ ముద్ర ఏ మందునకు వేసినదన్నదే ముఖ్యము. పంతొమ్మిదవ శతాబ్దము చివరివఱకు గొట్టములు పరీక్షింపబడినది పెట్లుప్పు, గంధకము, బొగ్గు కలిపిన పాతమందునకు మాత్రమే. ఆంగ్లేయులు దీనిని నల్లపొడి యందురు. మనభాషలో నల్లమందన్నచో అభిని యని అర్థము గావున మేమిచట పొగమందని వ్రాయుచున్నాము. 1890ల పిమ్మటనే పొగలేని మందునకు వేఱుగా పరీక్షలును, వేఱు ముద్రలును స్థిరపడినవి. కావున మన యింటి తుపాకి గొట్టము క్రింద నున్న ముద్రలు చదివింపక "ఇది దొరల తుపాకి, దీనికేమగును?" అనుకొనుట తెలివి కాదు.

ఆ కాలపు గొట్టములలో డమాస్కసు గొట్టములని పేరుపొందినవి కలవు. ఇనుపపట్టీలను ఉక్కుపట్టీలను కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టు చుట్టి, ఎఱ్ఱగా కాల్చి సుత్తెలతో అదికి అతికించి చేసినవి యవి. పైన చేపపొలుసులవలె, అలలవలె కనబడు అందమైన చారలు ఆ అతుకుల జాడలే. బెల్జియములోని లియేజి, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణములు ఈ పనికి పేరుగన్నవి. ఇవి యన్నియు నాసియని కొందఱనుట నిజము కాదు. మంచి పనివాడు చేసిన గొట్టము, తనకు తగిన మందుతో, తరతరములు నిలిచినది. అయినను నూఱేండ్లు దాటిన గొట్టమున అతుకులసందున త్రుప్పు దాగియుండవచ్చును. లోపల గుంటలు పడియుండవచ్చును. పాతతోటాల కేపులలోని ఉప్పుపదార్థములు తేమను పీల్చి గొట్టమును తినివేయును. పొగమందు మసి కూడ అట్టిదే. కాల్చిన దినముననే కడిగి నూనె రాయని తుపాకి గొట్టము లోలోపల పలుచనగును. వెలుపల నిగనిగలాడుచున్నను, లోపల అది పుచ్చిన దూలమే.

ఇక తోటా సంగతి. 12 బోరు తుపాకులలో పాత ఇంగ్లీషువానికి తోటాగది సాధారణముగా రెండున్నర అంగుళములు, అనగా నేటి వాడుకలో 65 మిల్లీమీటర్ల తోటాకు తగినది. నేడు సర్వసాధారణమైన తోటా రెండుముక్కాలు అంగుళములు, అనగా 70 మిల్లీమీటర్లు. ఇచ్చటనే పెద్ద మోసము గలదు. పెట్టెపై వ్రాయు కొలత కాల్చి విప్పారిన తోటాకొలత. కాల్చకముందు మూతి ముడిచియుండుటచే 70 మిల్లీమీటర్ల తోటా 65 మిల్లీమీటర్ల గదిలో చక్కగా పట్టును, తుపాకి మూసికొనును. "పట్టినది గదా, సరిపోవును" అని రైతు అనుకొనును. కాల్చినతోడనే ముడిచిన మూతి విప్పుకొని, గది దాటి, గొట్టము సన్నబడు చోటికి చొచ్చుకొనిపోవును. దారి యిఱుకగుటచే వత్తిడి పెరుగును. అసలే పాతగొట్టము, దానికి హెచ్చు మందు, ఆపైన ఇఱుకుదారి. మూడు చెడుగులు ఒకచోట కూడినవన్నమాట.

వత్తిడి కొలతలు కూడ కొంచెము తెలిసికొనదగినవి. అమెరికా తయారీదారుల ప్రమాణము ప్రకారము 70 మిల్లీమీటర్ల 12 బోరు తోటాకు గరిష్ఠ వత్తిడి చదరపు అంగుళమునకు 11,500 పౌండ్లు. ఐరోపా ప్రమాణమున సామాన్య తోటాకు గరిష్ఠము 740 బారులు, అనగా దాదాపు 10,700 పౌండ్లు. పాతతుపాకుల ప్రియులు అమెరికాలోను ఇంగ్లండులోను తమ తుపాకులకై నింపుకొను మెత్తని తోటాలలో సాధారణముగా 5,000 మొదలు 7,000 పౌండ్ల వఱకే వత్తిడి యుండునట్లు చూచుకొందురు. మఱియొక సంగతి గమనింపదగినది. పాత ఇంగ్లీషు తుపాకులపై "3 టన్నులు" అను ముద్ర కనబడును. ఆ కొలత లోహపుబిళ్ళ నలిగినంత మేర చూచి లెక్కకట్టు పాతపద్ధతిది. నేటి యంత్రపు కొలతతో అది సరిసమానము కాదు. రెండు లెక్కలను కలిపి కూడికలు తీసివేతలు చేయువాడు మానికతో కొలిచిన ధాన్యమును తూకపు రసీదుతో సరిచూచుకొనువానివంటివాడు.

మెత్తని తోటా అన్న నేమి? దెబ్బ తక్కువయని, భుజమున తన్ను తక్కువయని మనవా రనుకొందురు. అది తప్పు. భుజమున తగులు తన్ను రవ్వల బరువును వేగమును బట్టి యుండును. గొట్టముపై బడు వత్తిడి మందు మండు వేగమును బట్టి యుండును. తక్కువ రవ్వలుగల పందెపు తోటాలో చుఱుకైన మందు వేసియున్నచో, తన్ను తక్కువగనే యుండును గాని వత్తిడి హెచ్చుగ నుండవచ్చును. నిదానముగ మండు మందును తగిన రవ్వలబరువుతో జోడించి, వత్తిడి శిఖరము తగ్గునట్లు చేయుటయే మెత్తని తోటా కిటుకు. కేపు మార్చినను, వత్తు మార్చినను, తోటాకేసు మార్చినను, మూతిమడత బిగువు మారినను వత్తిడి మారిపోవును. అందుచే ఆ దేశములవారు ఇష్టము వచ్చినట్లు నింపరు. ప్రయోగశాలలలో యంత్రముతో వత్తిడి కొలిచి అచ్చువేసిన పట్టికలను చూచి, ఏ కేసునకు ఏ కేపు, ఏ మందు, ఎంత తూకము, ఏ వత్తు అని అక్షరాల అనుసరింతురు. పట్టికలో లేని జోడింపును చేయరు. ఈ క్రమశిక్షణను మేము మెచ్చుకొనుచున్నాము. పూర్వుల వస్తువును పారవేయక, దాని బలమెఱిగి, దానికి తగినంతే పనిచెప్పుట ఉత్తమమైన పద్ధతి. ముసలియెద్దును బరువైన బండికి కట్టని రైతుకు ఈ న్యాయము వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్లయిన మనమును చేసికొనరాదా యని అడుగువారికి మా ప్రత్యుత్తరము: చేసికొనరాదు. ఇందుకు మూడు కారణములు.

మొదటిది చట్టము. 1959 నాటి ఆయుధచట్టము 5వ సెక్షను ప్రకారము తోటాలు తయారుచేయుటకు వేఱుగ లైసెన్సు కావలెను. పంటకావలికై యిచ్చిన లైసెన్సు తుపాకిని ఉంచుకొనుటకును, అందు వ్రాసినన్ని తోటాలను కొని వాడుకొనుటకును మాత్రమే. కాల్చిన కేసును తెచ్చి, కేపు మార్చి, మందుపోసి, రవ్వలు నింపి మూయుట తయారీ కాక మఱేమగును? 2019 సవరణ పిమ్మట లైసెన్సు లేని తయారీకి ఏడేండ్లకు తక్కువ కాని, యావజ్జీవము వఱకు పెరుగదగిన శిక్ష కలదు. నాలుగు తోటాల ఖర్చు మిగుల్చుకొనుటకు ఏడేండ్ల సేద్యమును పోగొట్టుకొనుట ఏ లెక్కకు సరిపోవును? అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

రెండవది కొలత. మన పెద్దలు ఇత్తడికేసులను ఇంటివద్దనే నింపుకొనెడివారు, వారికేమియు కాలేదని కొందఱందురు. నిజమే. కాని వారు నింపినది పొగమందు. అది కేసులో చాలభాగమును ఆక్రమించును. పొరపాటున రెండుమార్లు పోసినచో రవ్వలకు చోటుండదు, తప్పు కంటికి కనబడును. పొగలేని మందు అట్లుకాదు. కొంచెమే చోటు తీసికొనును. రెండింతలు పోసినను కేసులో ఇమిడిపోవును, పైకి ఏమియు తెలియదు. ఒకేరంగున, ఒకేతీరున కనబడు రెండు మందులు మండు వేగమున చుఱుకుమిరపకును కూరమిరపకును ఉన్నంత భేదము కలిగియుండవచ్చును. మఱియొక ఉరి కూడ గలదు. కొన్ని తోటాపెట్టెలపై "3 డ్రాముల సమానము" అని వ్రాయుదురు. ఆ మాటకు అర్థము మూడు డ్రాముల పొగమందు ఎంత వేగమిచ్చునో అంత వేగము కలదని. మూడు డ్రాములనగా దాదాపు 82 గ్రెయినులు. అదే వేగమునకు పొగలేని మందు దాదాపు నాల్గవవంతు తూకమే చాలును. ఆ మాట నపార్థము చేసికొని మూడు డ్రాముల పొగలేని మందు పోసినచో గొట్టము పగులుట తథ్యము. ఎడమచేతి వ్రేళ్లుండు చోటు ఆ గొట్టము క్రిందనే గదా!

మూడవది మనకు సాధనము లేకపోవుట. వత్తిడిని కొలుచు యంత్రము మన గ్రామములలో లేదు, తాలూకా పట్టణములోను లేదు. పరీక్షింపబడిన పట్టికకు తగిన కేపు, వత్తు, మందు అన్నియు ఒక్కచోట చట్టబద్ధముగ దొరకవు. ఇవి లేక "మెత్తగా నింపితిని" అనుట కేవలము నమ్మకము. నమ్మకముతో దేవుని కొలువవచ్చును, వత్తిడిని కొలువరాదు.

ఇచ్చట మూతినుండి దట్టించు తుపాకులవారికి ప్రత్యేకముగ ఒక హెచ్చరిక. ఆయుధచట్టము 13వ సెక్షనులో పంటరక్షణకు మొదట పేర్కొనబడినవి ఈ తుపాకులే. అవి చాలవని అధికారికి తోచినప్పుడే తక్కిన నున్నగొట్టపు తుపాకులకు అనుజ్ఞ. వీనిని యజమానియే ప్రతిమారును నింపుకొనవలసియుండుటచే ఇందు జాగ్రత్త మఱింత యవసరము. ఇందు పొగమందు తప్ప మఱేమియు పోయరాదు. కొన్న తోటాను విప్పి అందలి పొగలేని మందును ఈ తుపాకిలో పోయుట ప్రాణాంతకము. పొగమందు కొలతపాత్రతో దానిని కొలిచి పోసినవాడు తన చేతిని తానే పందెమొడ్డినవాడగును. ఈ వాక్యమును ఇంటిలో అక్షరజ్ఞానము లేని పెద్దలకును, తుపాకి పట్టుకొను పిల్లవాండ్రకును చదివి వినిపించుడని వేడుచున్నాము.

మెత్తని తోటా యున్నంతమాత్రమున అన్ని గండములు గడచినవని కూడ తలపరాదు. గొట్టములో అడ్డమున్నచో ఎంత మెత్తని తోటాయైనను గొట్టమును చీల్చును. పందిరిగుంజకు వ్రేలాడదీసిన తుపాకి మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టుట, చేనిగట్టున ఆనించినప్పుడు బురద చొచ్చుట మనమెఱిగినవే. 20 బోరు తోటా ఒకటి పొరపాటున 12 బోరు గదిలో పడినచో జారి ముందుకుపోయి గొట్టములో తట్టుకొనును. గది ఖాళీగ నున్నదని వెనుక 12 బోరు తోటా వేసి కాల్చినచో ఆ తుపాకి బాంబగును. ఈ కారణముననే అనేకదేశములలో 20 బోరు తోటాలకు పసుపుపచ్చ కేసు వాడుకలోనికి వచ్చినది. రెండు బోరుల తోటాలను ఒక సంచిలో వేయరాదు. నింపుటకు ముందు గొట్టమును వెలుతురుకు పెట్టి ఆ చివరనుండి ఈ చివరకు చూడనిదే తోటా పెట్టరాదు.

తుపాకిని తెలిసినవారిచే పరీక్షింపించుటకు పూర్వము రైతు తాను కొంత చూచుకొనవచ్చును. తుపాకి ఖాళీగ నున్నదని రూఢిచేసికొని, మూసి, దీపమున కెదురుగ పట్టుకొని చూడవలెను. గొట్టమునకును వెనుకదిమ్మకును నడుమ వెలుతురు కనబడినచో కీలు అరిగినదన్నమాట. కఱ్ఱనుండి విడదీసిన గొట్టములను త్రాటితో వ్రేలాడదీసి చెక్కతో మెల్లగ తట్టినచో గంటవలె మ్రోగవలెను. బొద్దుగ మ్రోగినచో జోడుగొట్టముల నడిమి అతుకు వదలినదని అనుమానింపవలెను. గొట్టపు గోడ మందము అంగుళములో వేయింట ఇరువది వంతులకు తగ్గియున్నచో ఇంగ్లండులోని పనివారు శంకింతురు. కాని యిది కంటితో తేలునది కాదు, కొలతపనిముట్టు కావలెను. ఇవి అనుమానమును కలిగించు గుర్తులేగాని, నిర్భయమును ఇచ్చు గుర్తులు కావు. నిర్ణయము లైసెన్సు కలిగిన తుపాకి పనివానిదే కావలెను.

ఇంతకును తుపాకి యుండుట జంతువును చంపుటకు అనుజ్ఞ కాదని కూడ మఱువరాదు. అడవిపంది 2022 నాటి సవరణచే వన్యప్రాణి రక్షణచట్టమున రెండవ షెడ్యూలున చేర్చబడినది. నిలుచుపంటను పాడుచేయుచున్న జంతువును కాల్చుటకు ఆ చట్టము 11వ సెక్షను క్రింద అధికారి వ్రాతపూర్వకమగు అనుజ్ఞ యుండవలెను. పంట పోవుచుండగా కాగితములకై తిరుగుట కష్టమని మేమెఱుగుదుము. ఆ కష్టమును తగ్గింపుడని సర్కారును అడుగుట మన హక్కు. అంతవఱకు చట్టమును తప్పుట మాత్రము మన హక్కు కాదు. ఈ కోపమున చేను చుట్టు కరెంటుతీగ పెట్టి పొరుగువాని పశువును, ఒక్కొక్కప్పుడు పొరుగువానినే బలిగొనుట కన్న పాతతుపాకి పేల్చి చప్పుడు చేయుట వేయిరెట్లు మేలు. కాని ఆ తుపాకి పేల్చినవానినే చంపునది కారాదు గదా.

ఇట్లు వలదని చెప్పి ఊరకుండుట సహకారసంఘపు పత్రికకు తగదు. ఒంటరిగ రైతు చేయలేనిదానిని కూడి చేయుటకే సంఘము. కావున మూడు పనులను సభ్యుల ముందుంచుచున్నాము.

1. లైసెన్సు తుపాకులున్న సభ్యులు పేరు, బోరు, గది పొడవు, గొట్టపు ముద్రలు ఒక జాబితాగా వ్రాసికొని, లైసెన్సు గల పనివాని నొకనిని నిర్ణీతదినమున చట్టబద్ధముగ రప్పించిగాని, అందఱు కలిసి అతని దుకాణమునకు పోయిగాని, ఒక్కమారుగ పరీక్షింపించుకొనవలెను. విడివిడిగ పోయినదానికన్న ఖర్చు తగ్గును. పనికిరాదని తేలిన తుపాకిని మోహపడి ఉంచుకొనక, లైసెన్సుగల వర్తకునికిగాని పోలీసుఠాణాకుగాని నియమప్రకారము అప్పగింపవలెను. తాతగారి జ్ఞాపకము తాతగారి మనుమని కంటికన్న విలువైనది కాదు.

2. తోటాలను ఎవరికి వారు దొరకినవి కొనక, గది పొడవును బట్టి తగిన కొలతవానిని, వానిలో తేలికవానిని తెప్పించుమని వర్తకుని కలిసి అడుగవలెను. ఒక్కడు అడిగిన వర్తకుడు "ఉన్నవే తీసికొను" మనును. పదిమంది ఒక్క మాటగ అడిగినచో తెప్పించును. ఎరువు విషయమున, విత్తనము విషయమున మనము దీనిని అనుభవముచే ఎఱుగుదుము.

3. పుణె చెంత ఖడ్కీలో 1869లో స్థాపింపబడి, 2021 నుండి మునిషన్స్ ఇండియా లిమిటెడు క్రింద నున్న తోటాల కర్మాగారము మనదేశపు సొత్తు. పాతతుపాకులకు తగిన పొట్టి, తక్కువవత్తిడి తోటాలను పంటకావలి లైసెన్సుదారులకు సరసమగు వెలకు అందింపవలెననియు, పెట్టెపై పొడవుతోబాటు వత్తిడియు, ప్రాంతీయభాషలో హెచ్చరికయు అచ్చువేయవలెననియు మన సంఘములన్నియు కలిసి మహజరు పంపవలెను. ఇంగ్లండున నేటికిని 65 మిల్లీమీటర్ల తోటాలను కర్మాగారములే చేసి అమ్ముచున్నవి. అచ్చట అభిమానుల వేడుకకు దొరకు వస్తువు, ఇచ్చట చేను కాపాడుకొను రైతుకు దొరకవలె ననుట గొంతెమ్మకోరిక కాదు.

మెత్తని తోటా మంచిదే. పాతతుపాకికి అదియే తగినది. కాని అది యంత్రముతో కొలిచి, బాధ్యతతో చేసి, ముద్రవేసి అమ్మబడిన తోటా కావలెను. వసారాలో దీపము ముందు, వంటింటి చెంచాతో కొలిచినది కారాదు. ఇంటిలో నింపుకొను అలవాటు ఎవరికేని యున్నచో ఈ నెలతోనే మానుకొందురుగాక. పై మూడు విషయములను వచ్చు సర్వసభ్యసమావేశమున చర్చకు తెచ్చి, తీర్మానరూపమున అంగీకరింతురని ఆశించుచున్నాము.